మా ఆయన చష్మా నంబరు

మా ఆయనకు కండ్లు మంచిగ కనవడుతయి. కావాలంటె ఆయన్నే అడుగుండ్రి. ఈ సూరత్‌ల పాండేసర రోడ్డు మీద ఇంకా మలుపు కూడ తిరగని బస్సు నంబరు చెప్తడు. కార్ఖానల ఆ చివరి సాంచ, అదే కరెంటు మగ్గం, దాని మీద పోగు తెగితె ఈ దర్వాజ కాడి నుంచే "అరే, తెగింది, ఆపు!" అని కేకేస్తడు. గంత దూరం కనవడే మనిషికి చేతిల ఉన్న కాయితం కనవడదంటె ఎవరు నమ్ముతరు? ఆయనైతె నమ్మలే. రెండేండ్ల సంది కాయితాన్ని దూరం జరుపుకుంట జరుపుకుంట పోయిండు. ముందుగాల మోచెయ్యంత దూరం, తర్వాత చెయ్యంత దూరం. ఆఖరికి చెయ్యి పొడుగు సరిపోక, "ఈ అచ్చేసెటోళ్లు సిరా తక్కువ పోస్తున్నరే" అని మొదలువెట్టిండు.

నేను ఊకున్న. మొగోనికి ముసలితనం వచ్చిందని చెప్పుడు పెండ్లాం పని కాదు, అద్దం పని. అద్దానికే లెక్కచెయ్యని మనిషి నా మాట ఇంటడా?

మేము సిరిసిల్ల దిక్కుకెల్లి సాంచాల పనికని సూరత్ వచ్చినోళ్లం. మా గల్లీ అంత మనోళ్లే. ఈడ పుట్టిన పిల్లలు ఇంట్ల తెలుగు మాట్లాడుతరు గని చదువుడు రాదు, బడిల గుజరాతీ, హిందీ నేర్పుతరు. పెద్దోళ్లల్ల మొగోళ్లు శానామంది మీసం రాకముందే సాంచాల మీద పడ్డోళ్లు. అందుకని గల్లీల ఎవరింట్ల లగ్నపత్రిక చదువాలన్నా మా ఆయన్నే పిలుస్తరు. పెండ్లి ఖాయమైనంక ఊర్ల పంతులు కాయితం మీద చేత్తోని రాసి, నాలుగు మూలలకు పసుపు వెట్టి, మడిచి పంపుతడు. దాన్ని ముందుగాల ఎవ్వరు విప్పొద్దు. రెండు దిక్కులోళ్లు సాప మీద ఎదురుబొదురు కూసున్నంకనే విప్పి, తాతల పేర్లు, తండ్రుల పేర్లు, తిథి, నక్షత్రం, ముహూర్తం, అన్ని అందరికి ఇనవడెటట్టు చదువాలె. మా ఆయన చదివితె బయట వంటాయన గంటె ఆపి ఇంటడు. అబద్ధం చెప్తె నా నోట్ల మన్నువడ, ఆ గొంతు గంత మంచిగుంటది.

మరి గా గొంతే పోయినేడు మా ఇజ్జత్ తీసింది. గల్లీల ఒకళ్ల పిల్ల లగ్నపత్రికల ముహూర్తం పొద్దుగాల ఎనిమిదికి ఉంటె మా ఆయన మూడని చదివిండు. తెల్లారకముందు ముహూర్తాలు మనకు కొత్త కాదు గద, ఎవ్వరికి అనుమానం రాలే. పిల్లను తయారు చేసి, పిల్లగాన్ని గుర్రమెక్కిచ్చి, బాజాలోళ్లను లేపి హాలు కాడికి పోతె గేటుకు తాళం. చౌకీదారు దుప్పటి మొకం మీదికెల్లి తీసి, "దొంగలా?" అన్నడు. మల్ల కాయితం విప్పి దీపం కాడ చూస్తె ఎనిమిది. చుట్టాలందరు మెట్ల మీద కూసోని ఆవులించుడే. గుర్రం ఒక్కటే నిమ్మళంగ ఉండె.

"పంతులు ఎనిమిదిని మూడోలె రాసిండు" అన్నడు మా ఆయన. పంతులు ఊర్ల ఉండె, జవాబు చెప్పనీకె రాడు గద.

ఆ ముచ్చట ఇగ మర్చిపోయిర్రనుకుంటున్నప్పుడు మా ఆడబిడ్డ వచ్చింది. ఆమె సూరత్‌లనే ఉన్ దిక్కు ఉంటది. ఆమె బిడ్డకు మహారాష్ట్ర దిక్కు భివండి సంబంధం ఖాయమైంది, లగ్నపత్రిక దినం వస్తున్నది. మేనమామ గాబట్టి మా ఆయనే చదువాలె. ఆమె చాయ్ తాగింది, గ్లాసు కింద వెట్టింది, అన్న మొకం దిక్కు చూడకుంట గ్లాసు దిక్కు చూసుకుంట మాట్లాడింది.

"అన్నా, కోపానికి రాకు. నువ్వు జర కండ్లు చూపిచ్చుకో."

"నా కండ్లకు ఏమైందే?"

"ఏం కాలే అన్నా. గుర్రం ముచ్చట భివండి దాక పోయింది. వాళ్లు వాళ్ల దిక్కు చదివెటాయనను ఎంబడి తోలుకొస్తున్నరు. నువ్వు జర తడవడితె కాయితం ఆయన చేతులకు పోతది. మేనమామ ముంగట కూసోని ఉండంగ పరాయోడు చదివితె నేను మొకం ఏడ పెట్టుకోవాలె?"

మా ఆయన నవ్వనీకె చూసిండు, నవ్వు రాలే. ఆమె పోయినంక ఆమె తాగిన గ్లాసును తానే కడిగి బోర్లిచ్చిండు.  ఆ మనిషికి ఉన్నదేంది? సొంత సాంచ లేదు, సొంత ఇల్లు లేదు. నలుగుర్ల కూసున్నప్పుడు ఆయన చేతులకు కాయితమిచ్చి అందరు సప్పుడు చెయ్యకుంట ఇంటరు, గదే ఆయన ఆస్తి. గది కూడ పోతె ఎట్ల?

ఇగ నా కండ్ల సంగతి అడుగకుండ్రి. నేను ఇంట్లనే సాడీలకు లేసు కుడుత. మిషన్ సూదిల దారం ఎక్కుడు ఈ మధ్య కష్టమైంది. గది నా కండ్లది తప్పు కాదు, సూదులు చేసెటోళ్లు బొక్క చిన్నగ చేస్తున్నరు. పొద్దుగాల మా బిడ్డ నౌకరికి పోయేముందు నాలుగైదు సూదులల్ల దారమెక్కిచ్చి మెత్తకు గుచ్చిపోతది. పొద్దంత వాటితోనే నడిపిస్త.

మా బిడ్డ కతర్‌గామ్‌ల ఒక హీరాల, అంటె వజ్రాల, ఆఫీసుల కంప్యూటర్ మీద కూసుంటది. "బాపు, మా ఆఫీస్ ముంగటనే చష్మా దుకాణం ఉంది, హీరా గీసే లోగ్ అందరు ఆడికే వస్తరు, ఎక్‌దమ్ మస్త్ చేస్తడు" అన్నది. దానికి ఒక్క మాట చెప్పనీకె మూడు భాషలు కావాలె. ఆయితారం నాడు మేమిద్దరం పోయినం. బిడ్డకు ఆ దినం కూడ డ్యూటీ ఉండె, దుకాణం చూపిచ్చి పైకి పోయింది.

దుకాణం చిన్నది. ముంగట అద్దాల డబ్బాలు, ఎనకకు ఒక పర్దా, పర్దా అవతల కుర్చీ. ఇవతల బల్ల మీద మేము కూసున్నం. మాకన్న ముందు ఇద్దరున్నరు, ఇద్దరు హీరాలు గీసెటోళ్లే. లోపల నంబరు చూసేటాయన ఒక్కొక్కరికి చేతిల అట్ట ముక్క పెట్టి "వాంచో భాయ్" అంటున్నడు, అంటె చదువు అని. వాళ్లు గుజరాతీల చదువుతుంటె మాకు బయటికి సాఫ్ ఇనవడుతున్నది. ఒక కుమ్మరి ఉన్నడట, ఆయనకొక గాడిద ఉన్నదట, ఆ గాడిద రోజు మట్టి మోస్తదట, ఒకరోజు వానొచ్చి వాగు దాటలేదట. రెండో ఆయన కూడ అదే గాడిద, అదే వాగు.

మా ఆయన కండ్లు మూసుకొని కూసున్నడు. పెదవులు కొద్దిగ కదులుతున్నయి. దేవునికి మొక్కుతున్నడనుకున్న. పాపం, భయమైతున్నదేమో అని చెయ్యి మీద చెయ్యేసిన. "జర ఆగు" అన్నట్టు చెయ్యి తీసేసిండు.

ఆయన వంతు వచ్చింది. ఆ నంబరు చూసేటాయన ముక్కు మీద ఇనుప చట్రం పెట్టి, అందుల అన్నిటికన్న చిన్న నంబరు అద్దం ఏసి, అట్ట చేతికిచ్చి, "వాంచో కాకా" అన్నడు.

నా మొగుడు గొంతు సవరిచ్చుకున్నడు. ఇగ ఎత్తుకున్నడు సూడు! కుమ్మరి, గాడిద, మట్టి, వాన, వాగు, ఒక్క ముక్క తప్పకుంట, ఊపిరి తియ్యకుంట, లగ్నపత్రిక చదివినట్టే రాగం తీసుకుంట కింది గీత దాక చదివేసిండు. బల్ల మీద కూసున్నోళ్లు పర్దా దిక్కు తిరిగి చూసిర్రు. నంబరు చూసేటాయన అట్ట తీసుకొని పక్కకు పెట్టిండు.

"కాకా, ఈ కింది గీత పడుచు పిల్లలు కూడ తడుముకుంట చదువుతరు. మీ కండ్లకు ఏం కాలే. వయసుకు తగ్గట్టు చిన్న నంబరు ఉంటె చాలు" అన్నడు, చిట్టీ రాసిచ్చిండు.

నేనైతె ఉబ్బిపోయిన. నా మొగునికి గుజరాతీ మాట్లాడుడు గంత మంచిగ వస్తదని నాకెర్కే. సేట్లే గుజరాతోడనుకొని "నీది భావ్‌నగరా, అమ్రేలీయా?" అని అడుగుతరు. చదువుడు కూడ గింత మంచిగ వస్తదని నాకు ఆ దినమే తెలిసింది. అవ్వ, ఇన్నేండ్ల కాపురంల నా మొగుడు గింత చదువుకున్నోడని నాకే చెప్పలేదు సూడు, అనుకున్న.

ఫ్రేము కాడ ఒక తమాషా. సన్నవి పెట్టుకుంటె ముసలోడిలెక్క కనవడుతున్నడట. ఆఖరికి వాళ్ల సేటు పెట్టుకునెటటువంటి గోధుమ రంగు దొడ్డు ఫ్రేము ఎంచుకున్నడు. పెట్టుకొని అద్దంల చూసుకొని, "ఎట్లున్న?" అన్నడు. "బకాయి వసూలుకు వచ్చినోనోలె ఉన్నవు" అన్న. సంబురపడ్డడు.

చష్మా తయారై వచ్చింది. పెట్టుకొని కాయితం తీసిండు. నేను పొయ్యి కాడికెల్లి చూస్తున్న. చష్మా పెట్టుకున్నంక కూడ చెయ్యి ముందటోలెనే దర్వాజ దాక పోయింది.

"కనవడుతున్నదా?"

"ఫస్ట్ క్లాస్."

"మరి చెయ్యి గట్ల చాపినవేంది?"

"అలవాటు."

నాలుగు దినాలు ఇదే తంతు. పేపరు ముక్క చేతిల వడితె, చష్మా పైకి లేపుతడు, కిందికి దించుతడు, అంగీతోని తుడుస్తడు, దీపం కింద నిలవడుతడు, దీపాన్ని తిడుతడు. అడిగితె మాత్రం ఫస్ట్ క్లాసే.

ఒక మధ్యాహ్నం రాత్రి డ్యూటీ చేసి వచ్చి పండుకున్నడు, చష్మా కిటికీల పెట్టి. నేను లేసు కుడుతున్న, సూదిల దారం ఊసిపోయింది. బిడ్డ ఎక్కిచ్చిపోయిన సూదులు అయిపోయినయి. ఊకె, నిజంగ ఊకెనే, ఆ చష్మా తీసి ముక్కుకు పెట్టుకున్న. ఓయమ్మో! సూది బొక్క దర్వాజంత అయింది. దారం ఒక్కసారికే పోయింది. తలకాయెత్తి చూస్తె గోడకు మా తెలుగు క్యాలెండరు. రాహుకాలం కింద చీమలోలె పారెటి అక్షరాలు, గియ్యాల వరుసగ నిలవడి నన్నే చూస్తున్నయి. నేను ఊర్ల అయిదో తరగతి దాక చదువుకున్నదాన్ని. మా సారు నాతోనే పాఠం చదివిచ్చెటోడు. పెండ్లైనంక చదువనీకె ఏమున్నది, ఎవరు అడిగిర్రు? నిలవడి ఆ నెలల పండుగలన్ని పెదవులతోని చదువుకున్న. మస్తు సంతోషమైంది, ఎందుకో ఏడుపు కూడ వచ్చింది. మా ఆయన అటు మర్రిండు. గబగబ చష్మా కిటికీల పెట్టి మిషన్ కాడ కూసున్న.

లగ్నపత్రిక రేపనంగ నాకు ఓపిక అయిపోయింది. "నీకు కనవడుత లేదు. వాడు తప్పు అద్దం ఏసిండు. పైసలు తీసుకొని గుడ్డి అద్దం ఇస్తడా? నడువు, వాని సంగతి చూస్త" అని చీర కొంగు బొడ్ల దోపిన. మా ఆయన వద్దు వద్దన్నడు. వద్దన్నకొద్ది నాకు రేషం ఎక్కువైంది. బిడ్డను కూడ ఆఫీసు మెట్ల మీదికెల్లే గుంజుకొని దుకాణంల వడ్డ.

నేను లొల్లి పెట్టిన. వచ్చీరాని గుజరాతీల, వచ్చిన హిందీల, ఆఖరికి తెలుగుల పెట్టిన. ఆ నంబరు చూసేటాయన మంచోడు, అన్నీ ఇన్నడు. "మాసీ, కాకా ఆ దినం కింది గీత దాక చదివిండు, దుకాణమంత ఇన్నది. అయినా మల్ల చూస్త, రాండ్రి" అని కుర్చీల కూసోవెట్టిండు. నేను, బిడ్డ పర్దా లోపలనే నిలవడ్డం. బల్ల మీద హీరాలోళ్లు మెడలు చాపుతున్నరు.

అట్ట చేతికిచ్చిండు. "వాంచో కాకా."

మా ఆయన గొంతు సవరిచ్చుకున్నడు. కుమ్మరి, గాడిద, మట్టి, వాన, వాగు. అదే రాగం, ఒక్క ముక్క తప్పు లేదు. నేను నడుము మీద చెయ్యివెట్టుకొని, "చూసినవా?" అన్నట్టు నిలవడ్డ.

చూస్తె ఆ నంబరు చూసేటాయన నవ్వు ఆపుకోనీకె పెదవి కొరుకుతున్నడు. మా బిడ్డ అట్ట దిక్కు చూసింది, బాపు దిక్కు చూసింది, చున్నీ నోట్ల కుక్కుకున్నది.

"కాకా, ఈయాల నేను అట్ట తిప్పి ఇచ్చిన. ఈ దిక్కు పొద్దుగాల నీళ్లు తాగుమని రాసి ఉన్నది. మీ గాడిద వెనుక పక్కకు పోయింది" అన్నడాయన.

బల్ల మీద ఒకడు పక్కున నవ్విండు. ఇంకొకడు నవ్విండు. ఇగ దుకాణమంత నవ్వుడే. మా ఆయన అట్ట అట్లనే పట్టుకొని కూసున్నడు. చెవులు ఎర్రగైనయి.

నాకు నవ్వు రాలేదని చెప్తె అబద్ధం. కడుపు పట్టుకొని నవ్విన. గని ఆయన తలకాయ దించుకున్నది చూసి నవ్వు నోట్లనే ఆగింది. "గుజరాతీ చదువ రాదని చెప్తె ఏం పోతుండె?" అన్న, మెల్లగ తెలుగుల.

"పరీక్ష గదనే అది" అన్నడు. "పరీక్ష అంటె పాస్ కావాలె గద. కొత్తల వచ్చినప్పుడు ఈడ అందరు మద్రాసీ, మద్రాసీ అని ఎక్కిరిచ్చిర్రు. మాట నేర్చుకున్న, యాస నేర్చుకున్న. చదువుడు నేర్చుకునే టైము సాంచ ఇయ్యలే. ఇన్నేండ్లు ఎవ్వనికి తెల్వనియ్యలే. గీ అట్ట ముంగట ఎట్ల ఒప్పుకుంట?"

కండ్ల పరీక్షల కాపీ కొట్టి పాసైన మనిషిని నేను ఇంకేడ చూడలే. ఇట్ల పాసైతె ఏమొస్తది? తప్పు చష్మా వస్తది.

నంబరు చూసేటాయన, "కాకా, మీరు ఏ భాష చదువుతరు?" అని అడిగిండు. తెలుగు అట్ట ఆయన దగ్గర లేదు. నా బటువుల చూసిన. మా వదినె ఊరికెల్లి పంపిన పసుపు తెలుగు పేపరు ముక్కలనే కట్టి ఉన్నది. పసుపు కొంగుల పోసుకొని, పేపరు దులిపి ఇచ్చిన. ఆయన ఒక్కొక్క అద్దం మారుస్తుండు, మా ఆయన తలకాయ ఊపుతుండు, ఏం రాలే, ఏం రాలే. ఇన్నాళ్లు ఏం కనవడకుంట ఎట్ల తిరిగిండో ఈ మనిషి! ఒక అద్దం కాడ ఆగిండు. మెడ ముందుకు చాపిండు. "వరి కోత మిషన్లు కిరాయికి ఇవ్వబడును" అని చదివిండు. మల్ల చదివిండు.  వరికోత మిషన్ గురించి అంత ప్రేమగ ఎవ్వరు చదివి ఉండరు.

నంబరు రెండింతలకన్న ఎక్కువ వచ్చింది. రెండు కండ్లకు రెండు తీర్ల నంబరు. ఆ అద్దం దుకాణంల లేదు, తెప్పియ్యాలె, మూడు నాలుగు దినాలు పడుతదన్నడు. లగ్నపత్రిక రేపు. రోడ్డు మీద అమ్మే రెడీమేడ్ చష్మా పెట్టి చూసినం. ఒక కన్ను చదువుతది, ఇంకో కన్ను తిరుగుతది. దాంతోని నాలుగడుగులు నడిచి కరెంటు స్తంభానికి దండం పెట్టినంత పనిచేసిండు.

"ఫికర్ చెయ్యకు" అన్నడు, ఇంటికి వచ్చినంక. "లగ్నపత్రికలు అన్ని ఒక్కతీరే ఉంటయి. మొదలు నాకు నోటికి వస్తది. మన దిక్కు పేర్లు ఎర్కే. వాళ్ల దిక్కు పేర్లు చెల్లెను అడిగి తెలుసుకుంట."

"ముహూర్తం?"

ఆయన చష్మా తీసి తుడుసుడు మొదలువెట్టిండు. 

తెల్లారి ఉన్‌ల మా ఆడబిడ్డ ఇంటి ముంగట షామియాన ఏసిర్రు. మొగోళ్లు ముంగట సాపల మీద, మేము ఆడోళ్లం ఎనకకు గోడ పొంటి. భివండోళ్లు వచ్చిర్రు. వాళ్ల చదివెటాయన తెల్లబట్టలు, జేబుల రెండు పెన్నులు, మా ఆయనకు సక్కగ ఎదురుంగ కూసున్నడు. మా ఆడబిడ్డ పసుపు కుంకుమ ప్లేటు పట్టుకొని నిలవడ్డది, అన్న దిక్కే చూస్తున్నది.

మా ఆయన గోధుమ రంగు చష్మా పెట్టుకున్నడు. కాయితం విప్పిండు. ఎత్తుకున్నడు. ఆ గొంతే, ఆ రాగమే. దేవుళ్లందరు వచ్చిర్రు, మా దిక్కు తాతలు వచ్చిర్రు, వాళ్ల దిక్కు తాతలు వచ్చిర్రు, ఒక్క పేరు తప్పు పోలే. భివండాయన కూడ తలకాయ ఊపుతున్నడు. మా ఆడబిడ్డ మొకం విచ్చుకున్నది. నాకొక్కదానికే ఎర్క, ఆయన కాయితం చదువుత లేడు, గాడిదను తోలుతున్నడు. వాగు కాడికి వస్తున్నడు.

వాగు వచ్చింది. తిథి కాడ ఆగిండు.

కాయితం దూరం పెట్టిండు, దగ్గర పెట్టిండు. చష్మా తుడిచిండు.  ఎవరో దగ్గిర్రు. ఎనకకెల్లి ఎవరో "గుర్రం" అన్నట్టు ఇనవడ్డది, ఒకరిద్దరు కిసుక్కుమన్నరు. భివండాయన చెయ్యి చాపిండు. "ఇటియ్యుండ్రి బావగారు, నేను చదువుత. ఇందుల ఏమున్నది" అన్నడు, మంచిగనే అన్నడు.

ఏదో ఒక తిథి, ఏదో ఒక టైము చెప్పేస్తడేమో. చెప్పగలడు. ఆ గొంతుతోని చెప్తె అందరు నమ్ముతరు. చెప్పకు, దేవుడా, చెప్పనియ్యకు, పిల్ల పెండ్లి అది.

ఆయన కాయితం దించిండు. "నాకు కనవడుత లేదు" అన్నడు. గట్టిగనే అన్నడు, అందరికి ఇనవడెటట్టు. ఇంట్ల నాకు కూడ ఎన్నడు చెప్పని మాట అది. భివండాయన ఇంకా చెయ్యి చాపే ఉన్నడు. మా ఆయన దాని దిక్కు చూడలే. ఆడోళ్ల దిక్కు తిరిగి, "ఏమే, ఇట్రా" అన్నడు.

నన్నేనా అని పక్కకు చూసిన. నన్నే.

పోయిన. చష్మా తీసి నా ముక్కు మీద ఆయనే పెట్టిండు. దొడ్డు ఫ్రేము, చెవులకు వదులుగ ఉన్నది. "క్యాలెండరు చదివినవు గద" అన్నడు మెల్లగ. "నేను పండుకోలే ఆ దినం. మొదటికెల్లి చదువు."

"ఆడోళ్లు చదువుడేంది?" అన్నరు ఎవరో పెద్దమనిషి.

"మేనమామ చదివితేంది, అత్త చదివితేంది? తప్పు చదివితె గుర్రమే ఎక్కాలె, ఒప్పు చదివితె పెండ్లైతది. ఊకోండ్రి" అన్నడు మా ఆయన.

 కాయితం మీది అక్షరాలు చీమలోలె పారలే. పంతులు మంచిగనే రాసిండు, ఒక్కొక్కటి వడ్లగింజోలె సాఫ్‌గున్నది. మొదటికెల్లి ఎత్తుకున్న.  దేవుళ్లు, తాతలు, తండ్రులు. నాకు ఆయన రాగం రాదు, బడిల సారు ముంగట చదివినట్టు చదివిన, చుక్క కాడ ఆగుకుంట. తిథి చదివిన, నక్షత్రం చదివిన. ముహూర్తం కాడ గట్టిగ, "పొద్దుగాల ఎనిమిది గంటలకు. ఎనిమిది. మూడు గాదు" అన్న. షామియాన అంత నవ్వింది. మా ఆయన అందరికన్న గట్టిగ నవ్విండు. మా ఆడబిడ్డ వచ్చి నా బుగ్గలకు పసుపు పూసింది, చష్మాకు కూడ పూసింది.

అన్నాలు తినేటప్పుడు భివండోళ్ల ముసలవ్వ, "నీకు చదువొస్తదని ఎన్నడు చెప్పలేదట ఎందుకే?" అని అడిగింది. "ఎవరన్న అడిగితె గద అవ్వా" అన్న.

చిత్రం ఏందంటె, తర్వాత ఆ దుకాణంల నా కండ్లు చూపిచ్చుకున్న. తెలుగు పేపరు ముక్కతోనే. నంబరు చూసేటాయన చిట్టీ రాసి, పాత చిట్టీ పక్కన పెట్టుకొని నవ్విండు. మా ఆయన దొంగ పరీక్ష రాసి తెచ్చుకున్న నంబరు, నా అసలు నంబరు ఒక్కటే. గాడిద ఆయన దగ్గరకు రాలే గని నా దగ్గరకు సక్కగ వచ్చింది. ఇగ సూదులు చేసెటోళ్లను తిట్టుడు బంద్ చేసిన.

మా ఆయనకు కొత్త చష్మా వచ్చింది. ఇప్పుడు ఆయనకు చెయ్యి చాపే పని లేదు. మందుల సీసా మీద ఉన్నది చదువుతడు, బిస్కెట్ పుడ మీద ఉన్నది చదువుతడు. బిడ్డ దగ్గర కూసోని గుజరాతీ అక్షరాలు కూడ మొదలువెట్టిండు. "అట్ట రెండు దిక్కుల చదువాలె" అంటడు.

మొన్న గల్లీల ఒకళ్లింట్ల లగ్నపత్రిక అయింది. ఆయన్నే పిలిచిర్రు, నేను ఎంబడి పోయి ఆడోళ్లల్ల కూసున్న. కాయితం ఆయన చేతుల పెట్టిర్రు. కొత్త చష్మా పెట్టుకొని, కాయితం ముక్కు కాడనే పట్టుకొని, పైకెల్లి కింది దాక నిమ్మళంగ చూసుకున్నడు. అన్ని కనవడుతున్నయని ఆయన మొకమే చెప్తున్నది. ఇగ గొంతు సవరిచ్చుకుంటడని అందరం సప్పుడు చెయ్యకుంట ఉన్నం.

ఆయన కాయితం మడవకుంట నా దిక్కు చాపిండు.

"చష్మా తెచ్చుకున్నవా?" అన్నడు.